జవళగిరి బస్సెక్కే టీచరమ్మ

మా కంపెనీలో ఫోన్లు లాకర్లో పెట్టి లోపలికి వెళ్ళాలి. అందుకని టీచరమ్మ పోయిన సంగతి నాకు టీ విరామంలో, ఆమె పోయిన మూడు గంటల తర్వాత తెలిసింది. ఫోను తీసి చూస్తే మా ట్రస్టులో ఉండే అక్క దగ్గర్నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే అక్క ఏడవలేదు. "టీచరమ్మ పోయినారప్పా. పొద్దున కాఫీ తాగి పేపరు చూస్తా చూస్తా కుర్చీలోనే ఒరిగిపోయినారంట. నువ్వు బయల్దేరి రా" అంది. సరేనన్నాను. ఫోను మళ్ళీ లాకర్లో పెట్టేసి, లోపలికి వెళ్ళి, గేజి పట్టుకుని ఇంకో ఇరవై పీసులు కొలిచాను. పక్కన పనిచేసే ఆయన నా మొహం చూసి, చేతిలోంచి గేజి లాక్కుని, ఇంటికి పొమ్మన్నదాకా నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.

ఆమె హోసూరులో తెలుగు బడి టీచరు. ముప్పై ఏళ్ళకు పైనే పాఠం చెప్పి రిటైరయ్యారు. మా ఊళ్ళో తెలుగు చదవడం వచ్చిన నా ఈడువాళ్ళలో చాలామంది ఆమె చేతి మొట్టికాయలు తిన్నవాళ్ళే. మా అన్నయ్యా తిన్నాడు, నేనూ తిన్నాను. రిటైరయ్యాక ఆమె ఒక ధర్మసంస్థను నడిపించారు. మూకండపల్లిలో హార్డువేరు అంగడి మీద ఒక గది, ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బీరువా, అదే మా ట్రస్టు. ట్రాన్స్ మనుషులు, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, కులం అడిగి అద్దె ఇల్లు లేదు పొమ్మంటే వీధిలో నిలబడ్డవాళ్ళు, ఫ్యాక్టరీ గేటు బయట మిగిలిపోయిన ఒప్పంద కూలీలు, వీళ్ళంతా ఆ మెట్లెక్కి వస్తారు. చదువో పనో చూడడం, ఆస్పత్రికో స్టేషనుకో కృష్ణగిరి కలెక్టరాఫీసుకో తోడు వెళ్ళడం మా పని. టీచరమ్మ అధ్యక్షురాలు, నేను కార్యదర్శిని. నేను సరదాకి చేరిన కార్యదర్శిని కాను. నేనూ మగవాళ్ళను ప్రేమించే మగవాణ్ణే. ముప్పయ్యారేళ్ళు వచ్చినా ఈ ముక్క మా ఇంట్లో చెప్పలేదు. అట్లాంటివాణ్ణి ఈ రోజు అచ్చులో ఎట్లా రాస్తున్నానో చెప్పాలంటే టీచరమ్మ గురించే చెప్పాలి.

ట్రస్టు పుట్టింది జూజువాడి చెక్‌పోస్టు దగ్గర. ఒక మధ్యాహ్నం ఆమె బెంగళూరు నుంచి వస్తున్న బస్సు అక్కడ ఆగింది. లారీల మధ్య చప్పట్లు కొడుతూ అడుక్కుంటున్న ఒక ట్రాన్స్ మహిళ కిటికీ దగ్గరికొచ్చి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, "టీచరమ్మా, బాగుండారా?" అంది. టీచరమ్మ గుర్తుపట్టలేదు. "ఏడో క్లాసులో నన్ను బయట నిలబెట్టినారు గదమ్మా, మగపిల్లోని మాదిరి నడిచేది నేర్చుకోని రాపో అని" అంది ఆవిడ నవ్వుతూ. నేర్చుకోలేక ఆ బిడ్డ బడే మానేసింది. టీచరమ్మ అక్కడే బస్సు దిగిపోయారు. ఆ దుమ్ములో, ఆ హారన్ల మధ్య నిలబడి, తప్పు చేశాను తల్లీ అన్నారట. "దాందేముందిలేమ్మా, టీ తాగుదాం రాండి" అందట ఆవిడ. ఆవిడే మేమంతా అక్క అని పిలిచే మా రెండో ట్రస్టీ.

ఎవరైనా పెద్దమనిషి వచ్చి, ఈ వయసులో మీకెందుకమ్మా ఇదంతా అని అడిగితే, టీచరమ్మ అక్కను చూపించేవారు. "ఈమె నేను బడినుంచి యెల్లగొట్టిన బిడ్డ. నాకు కాకుంటే ఇంకెవరికప్పా ఈ పని?" అక్క ముందరే అనేవారు, ప్రతిసారీ అనేవారు. అక్కకు సిగ్గేసేది. "ఇంక చాలించండమ్మా, నాకే బోరు కొడతా ఉంది" అని కసురుకునేది.

కలెక్టరాఫీసు బెంచీ మీద టీచరమ్మ కూర్చునే పద్ధతి నాకు కళ్ళకు కట్టినట్టుంది. అక్క వచ్చి కూర్చోగానే పక్కనున్నవాళ్ళు మెల్లగా లేచి వెళ్ళేవాళ్ళు. ఖాళీ అయిన చోట టీచరమ్మ తన గుడ్డసంచి పెట్టేవారు. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, ఉడకబెట్టిన చెనక్కాయలు అక్కకు సగం, తనకు సగం పంచుకుని, తొక్కలు చేతిరుమాల్లో వేసుకుంటూ, పిలిచేదాకా తాపీగా తినేవారు. కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి, కూర్చోవచ్చా అని అడిగేవారు. అప్పుడు సంచి తీసేవారు. "తోడు పొయ్యేదంటే ముందర నడిచేది కాదప్పా, పక్కన కూచునేది" అని నాతో అనేవారు. నేను వాళ్ళిద్దరికీ ఎదురుగా, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తే సంబంధం లేనట్టుండే దూరంలో నిలబడి ఉండేవాణ్ణి. ఆ సంగతి ఆమె గమనించారు. ఒక్కసారీ ఎత్తిచూపలేదు.

మా మీటింగులు ఆదివారం పొద్దున పదింటికి. టీచరమ్మది ఒకటే పట్టు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి అక్కడ ఉండాలి. లేకపోతే ఒక ఖాళీ కుర్చీ వేయించేవారు. మేం హుషారుగా ఏదో తేల్చేయబోతుంటే ఎర్ర పెన్నుతో ఆ కుర్చీ వైపు చూపించి "అడిగినారా?" అనేవారు. ఇక ఆ విషయం వచ్చే ఆదివారానికే. మా వకీలుకు చిర్రెత్తుకొచ్చేది. "కుర్చీ ఏం చెప్తాదమ్మా?" అన్నాడొకసారి. "ఏమీ చెప్పదు. అందుకే మనమూ ఏమీ చెయ్యకూడదు" అన్నారు. ఆ ఎర్ర పెన్నుతోనే నా మినిట్స్ దిద్ది మార్కులు వేసేవారు. నాకు పదికి ఆరు దాటి ఎప్పుడూ రాలేదు.

అంత చెప్పినా, ఆ కుర్చీని అడగకుండా నేనొక పని చేశాను.

మునిరాజు జవళగిరివాడు. తండ్రికి గొర్రెలు, కాస్త చేను. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. తను మగవాడినని వాడికి బుద్ధి తెలిసినప్పటి నుంచీ తెలుసు. మునిరాజు అన్నది వాడు మా గదిలో కూర్చుని తనకు తాను పెట్టుకున్న పేరు. కూతురు హోసూరులో గార్మెంట్స్‌లో పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉందని ఇంట్లో అనుకునేవారు. వాడు ఇక్కడ జుట్టు కత్తిరించుకుని, ఇద్దరు స్నేహితులతో గది తీసుకుని ఉండేవాడు. ఊరికి పోయేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకుని, మొక్కు తీర్చుకున్నానని చెప్పేవాడు. తల్లిదండ్రులంటే ప్రాణం. తనే ఒకరోజు మెల్లగా చెప్పుకుంటానని, అందాకా ఎవరూ తొందరపడొద్దని మాకు మొదటి రోజే చెప్పాడు.

ఎలక్ట్రికల్ పని నేర్చుకోవడానికి వాడికి మా ట్రస్టు ద్వారా సీటు వచ్చింది. ఆ వారం టీచరమ్మకు జ్వరం, మీటింగు లేదు. నాకు సంతోషం పట్టలేదు. వాడు చదివింది తమిళ బడిలో కాబట్టి, ట్రస్టు కాగితం మీద తమిళంలో ఉత్తరం రాశాను. మగవాడిగా తలెత్తుకుని బతుకుతున్న మా తమ్ముణ్ణి చూసి గర్వంగా ఉంది అన్నాను. చివర్లో మనసాగక ఇంకో వాక్యం రాశాను: నేనూ నీలాగే దాచుకుని బతికే ప్రాణాన్ని, నీ ధైర్యం నాకు లేదు. కింద నా పేరు రాయలేదు, మీ ట్రస్టు అని మాత్రం రాశాను. కవరు మీద పెద్ద పెద్ద అక్షరాలతో శ్రీ మునిరాజు అని పెట్టాను. మనిషి కోరుకున్న పేరును కాగితం మీద కూడా గౌరవించాలని మా అందరిలోకి గట్టిగా వాదించేవాణ్ణి నేనే మరి. దరఖాస్తులో ఉన్న చిరునామా చూసి రాసి, పోస్టులో వేశాను. అది వాడి ఇంటి చిరునామా.

మమ్మల్ని చూసి మొహం తిప్పుకునే మనిషెవరైనా ఆ ఉత్తరం రాసి ఉంటే వాడి పాత పేరే రాసేవాడు. అది చప్పుడు లేకుండా ఇంటికి చేరేది. గౌరవం నెత్తికెక్కినవాణ్ణి కాబట్టి ఆ తప్పు నేనే చేయగలిగాను. జవళగిరి పాలకేంద్రం దగ్గర జనం వరసలో ఉండగా, మీ ఇంట్లో మునిరాజు ఎవరప్పా అని పోస్టుమ్యాన్ వాడి తండ్రిని అడిగాడట. వాడి తండ్రికి చదువు రాదు. ఎవరో విప్పి, అందరూ వినేట్టు చదివి పెట్టారు.

మూడో రోజు పొద్దున ఆ తండ్రి ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని మా గదికి వచ్చాడు. కవరు బల్ల మీద పెట్టాడు. "ఇది రాసింది యెవరు?" అన్నాడు. అరవలేదు. నేను బల్ల వెనకే ఉన్నాను, పక్క కుర్చీలో టీచరమ్మ. వచ్చిన బంధువుల్లో ఒకాయన మా వీధివాడు, మా అన్నయ్యకు బాగా తెలిసినాయన. నేను ట్రస్టులో పేదపిల్లలకు ఏదో సేవ చేస్తున్నానని మా ఇంట్లో నమ్మకం. ఉత్తరం నాదేనంటే అందులోని చివరి వాక్యం కూడా నాదే అవుతుంది. తల దించుకుని ఏదో ఫైలు తిప్పుతూ కూర్చున్నాను.

"నేనే రాసినానప్పా" అన్నారు టీచరమ్మ.

బంధువు ఒకాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "దాచుకోని బతికే ప్రాణం అని రాసుండాది. అంటే నువ్వూ అట్లాంటిదానివేనా?" అన్నాడు. భర్త పోయి ఇరవై ఏళ్ళు ఒంటరిగా, ఊరంతా వంగి దండం పెట్టేట్టు బతికిన మనిషి ఆమె. "అట్లనే అనుకోప్పా" అన్నారు. గొంతు కూడా మారలేదు. తండ్రి లేచి నిలబడ్డాడు. "మాకు బిడ్డ లేదని చెప్పండి" అని మెట్లు దిగిపోయాడు. ఆ మాట ఆ సాయంత్రమే మునిరాజుకు చేరింది. ఇంక నీ మొహం చూపించొద్దని ఇంటినుంచి ఫోను కూడా వచ్చింది. టీచరమ్మ గురించి ఊళ్ళో నానా మాటలూ పుట్టాయి. వాటిలో ఒక్కదానికీ ఆమె జవాబు చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. మీరెందుకమ్మా మీద వేసుకున్నారు అన్నాను. ఆమెకు కోపమే వచ్చింది. "వాని గుట్టు నువ్వు తెలవక బయట పెట్టినావు. నీ గుట్టు నేను తెలిసి తెలిసి బయట పెట్టేదా? చెప్పుకొనేది నీ పని. నీకు యెప్పుడు చేతనైతే అప్పుడు నువ్వే చెప్పుకో" అన్నారు. ఆ విషయం మళ్ళీ మా ఇద్దరి మధ్య రాలేదు. ఒకటి మాత్రం మారింది. ఆ తర్వాత మా గదికి ఎవరు కొత్తగా వచ్చినా, మంచినీళ్ళు ఇవ్వగానే ఆమె అడిగేవారు. "ఈడ నిన్ను ఏమని పిలవాల? ఇంటికి ఫోను చేస్తే ఏమని అడగాల? కాగితం యాడికి పంపాల, యాడికి పంపకూడదు?" వచ్చినవాళ్ళలో కొందరు, తమను ఇంతవరకూ ఎవరూ ఇట్లా అడగలేదని ఏడ్చేవాళ్ళు. నేను ఆ జవాబులు రాసుకుంటూ తలెత్తేవాణ్ణి కాదు.

శుక్రవారం వస్తే ఆమె తళి మీదుగా జవళగిరి పోయే పొద్దుటి బస్సెక్కేవారు. మొదటిసారి పోయినప్పుడు మునిరాజు తల్లి వాకిట్లో మన్ను పిడికెడు తీసి ఆమె మీద విసిరింది. నా బిడ్డను చెరిపినావు, నీ చేతులు పడిపోను అని తిట్టింది. మా ప్రాంతంలో అంతకు మించిన శాపం లేదు. టీచరమ్మ మధ్యాహ్నానికి మా గదికి వచ్చి, జుట్టులో మన్ను దులుపుకుంటూ, "కన్నతల్లి కడుపుమంట. తిట్టనీలే" అన్నారు. ఆ తిట్లు నావి. ఆమె నెత్తిన పడ్డ మన్నూ నాదే. నేను మంచినీళ్ళ గ్లాసు అందించి ఊరుకున్నాను.

రెండో వారం నుంచీ ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆ తల్లి పాలు పోసే పాలకేంద్రం ఎదురుగా, బస్సు షెల్టర్లో కూర్చునేవారు. పలకరించేవారు కాదు. ఆ తల్లికి కనబడి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేసేవారు. అట్లా కూర్చుంటే ఏమొస్తుందమ్మా అని అక్క అడిగితే, "ఆయమ్మకు యెప్పుడైనా అడగాలనిపిస్తే, అడిగేదానికి మనిషుండాల గదా" అన్నారు. తొమ్మిదో వారమో పదో వారమో ఆ తల్లి పాలక్యాను కింద పెట్టి షెల్టర్ దగ్గరికి వచ్చింది. మొహం పక్కకు తిప్పుకుని, "బిడ్డ అన్నం తింటా ఉందా?" అని అడిగింది. "తింటా ఉందమ్మా. ఉలవచారు మాత్రం నీ మాదిరి యెవురూ చెయ్యరని రోజూ అలగతా ఉంది" అన్నారు టీచరమ్మ. తర్వాతి శుక్రవారం ఆమె ఒళ్ళో ఉలవచారు డబ్బా పెట్టుకుని, ఒలక్కుండా రెండు చేతులతో పట్టుకుని, హోసూరుదాకా కూర్చుని వచ్చారు. మునిరాజు ఆ రోజు డబ్బా అడుగుదాకా వేలితో తుడుచుకుని తిన్నాడు. ఇంకో రెండు నెలలకు తల్లి తనే హోసూరు బస్టాండుకు వచ్చి కొడుకును చూసుకుంది. పొట్టి జుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది.

తండ్రి మాత్రం కదల్లేదు. టీచరమ్మా శుక్రవారాలు మానలేదు. నన్ను రమ్మని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పి ఉండేవాణ్ణి, అది ఆమెకు తెలుసు. ఆమె పోయే ముందు ఆదివారం మీటింగు చివర్లో ఫైలు మూసేస్తూ, "తల్లి అయింది. ఆయప్ప ఒకడు మిగిలినాడు" అన్నారు. ఆ శుక్రవారానికి ఆమె లేరు.

ఆ రోజు కంపెనీ నుంచి తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిలి నిండా పాత విద్యార్థులు. మా అన్నయ్య, వదిన అప్పటికే వచ్చి ఉన్నారు. నేను వెళ్ళి అన్నయ్య పక్కన నిలబడ్డాను. కాసేపటికి మునిరాజు తల్లిని తీసుకుని వచ్చాడు. ఆవిడ టీచరమ్మ కాళ్ళ దగ్గర కూలబడి రెండు పాదాలూ పట్టుకుంది. "ఆ కాగితం రాసినావని నోటికొచ్చినట్ల తిట్టినానే తల్లీ. నీ చేతులు పడిపోనంటినే. ఒక్క మాట తిరిగి అనకపోతివే" అని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. వాకిట్లో వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఊళ్ళో తిరిగిన మాట నిజమే కాబోలన్న చూపు అది. ఇంకో గంటలో ఆమెను తీసుకుపోతారు. ఆ మాట ఆమె మీదనే ఉండిపోతుంది.

నేను ముందుకు వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చున్నాను. "ఆ కాగితం రాసింది టీచరమ్మ కాదమ్మా, నేను" అన్నాను. అందరికీ వినబడేట్టు మళ్ళీ చెప్పాను. "దాచుకోని బతికే ప్రాణం అని చివర్లో ఉండేది చూడమ్మా, అది నా సంగతే. మా ఇంట్లో తెలుస్తుందని నేను నోరు మూసుకుంటే, ఆమె తన మీద వేసుకున్నారు."

వెనక మా వదిన ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది. నేను అన్నయ్య వైపు చూడలేకపోయాను. మునిరాజే ముందు నోరు విప్పాడు. "నాకు తెలుసన్నా. నీ అక్షరాలు నాకు తెలవవా? యెప్పుడు చెప్తావా అని చూస్తా ఉంటిని" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

తల్లి కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చాలాసేపు చూసింది. తిడుతుందని అనుకున్నాను, తిడితే తినడానికి కూర్చున్నాను. ఆవిడ తిట్టలేదు. "ఈయమ్మ వచ్చినన్నాళ్ళు వచ్చింది. వీళ్ళ నాయన ఇంకా అట్లనే ఉండాడు" అంది. "నువ్వు యెప్పుడొస్తావప్పా?"

ఇంటికి వచ్చాక అన్నయ్య నాతో ఏమీ అనలేదు, ఇప్పటికీ అనలేదు. నాకు చూసిపెట్టిన సంబంధం మాట కూడా మళ్ళీ ఎత్తలేదు. వదిన రోజూ క్యారియరు కట్టి ఇస్తోంది. మా ఇల్లు ఏమవుతుందో నాకు తెలియదు. భయం పోయిందని చెబితే అబద్ధం. ఒక మనిషి నా బరువును అంతకాలం తన నెత్తిన మోసిందన్న సిగ్గు, ఆ భయం కంటే పెద్దది, అంతే. టీచరమ్మ బతికుండగా నేను ఆమెకు చెప్పాల్సిన కృతజ్ఞత ఒక్క ముక్క చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

మీటింగును శనివారం సాయంత్రానికి మార్చుకున్నాం. నాకు సెలవు ఆదివారమే కాబట్టి, ఆదివారం పొద్దుటి బస్సుకు జవళగిరి పోతున్నాను. మొదటి వారం మునిరాజు తండ్రి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. రెండో వారం నేను వాకిట్లో నిలబడి, ఉత్తరం రాసింది నేనేనని, టీచరమ్మ కాదని, తప్పు నాదని, మీ బిడ్డది ఏమీ లేదని చెప్పేశాను. ఆయన చివరిదాకా విన్నాడు. విని, కర్ర తీసుకుని, గొర్రెలు తోలుకుని పోయాడు.

నిన్న మూడో వారం. నేను పోయేసరికి ఆయన గొర్రెలతో అడవి వైపు బయల్దేరుతున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. యాభై అడుగుల దూరంలో వెనకాలే నడిచాను. రాగి చేలు అయిపోయి పొదలు మొదలైన చోట ఆయన ఆగాడు. తిరిగి నన్ను చూశాడు. కర్ర ఎత్తి ఎడమ పక్క పొదల వైపు చూపించాడు.

"ఏనుగులు తిరగతా ఉండాయి ఆ పక్క" అన్నాడు. "అంత దూరంగా నడవద్దు. నా యెనకాలే రా."

నేను గొర్రెల మధ్యలోంచి తోవ చేసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మళ్ళీ తిరిగి చూడకుండా నడక మొదలుపెట్టాడు, ముందుకంటే కాస్త మెల్లగా. నేను ఆయన వీపు చూసుకుంటూ వెనకాలే నడిచాను.